వాతావరణ చార్టుల్లో ఏవి చూడాలి, ఏ వరుసలో చూడాలి?

ప్రశ్న: చిన్నప్పటి నుంచి నాకు మబ్బుల్ని చూడటమంటే ఇష్టం. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు కాస్త తీరిక దొరికింది. ఫోన్‌లో యాప్ చెప్పేదానితో తృప్తి పడలేక, దాని వెనకాల ఉండే చార్టులేవో నేనే చూసుకుందామని ఇంటర్నెట్‌లో వెతికాను. డజన్ల కొద్దీ సైట్లు, లెక్కలేనన్ని రంగుల మ్యాపులు! ఒక మ్యాపులో పది రోజుల తర్వాత పెద్ద తుపాను కనిపించింది. టెన్షన్ పడి బంధువుల గ్రూపులో పంపాను. మర్నాడు చూస్తే అదే సైటులో ఆ తుపాను లేదు. అప్పటి నుంచి నేను ఏం చెప్పినా అందరూ నవ్వుతున్నారు. అసలు నాలాంటివాళ్లు ఏ చార్టులు చూడాలి? ఏ మోడల్‌ను నమ్మాలి? భౌతికశాస్త్రం పెద్దగా చదవనివాళ్లకు ఇవి అర్థమవుతాయా? డబ్బు కట్టి చూసే సైట్లు తీసుకుంటే మేలా?

సమాధానం: ముందు ఆ మాయమైన తుపాను సంగతి చూద్దాం. మీరు సైటు పేరు రాయలేదు. అయినా పది రోజుల తర్వాతి తుపాను ఒక రోజు కనిపించి మర్నాటికి లేకుండా పోయిందంటే, అది చాలావరకు జీఎఫ్ఎస్ అనే మోడల్ మ్యాపు అయ్యుంటుంది. మోడల్ అంటే రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటరు ప్రోగ్రామ్. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా దీన్ని నడుపుతుంది. యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే సమయం ప్రకారం 00, 06, 12, 18 గంటలకు, అంటే రోజుకు నాలుగుసార్లు, అప్పటి పరిశీలనలతో లెక్క కొత్తగా మొదలవుతుంది. ప్రతిసారీ భూగోళం మొత్తానికి 16 రోజుల దాకా అంచనా వేస్తుంది. ఫలితాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు కాబట్టి దాదాపు ప్రతి సైటులోనూ ముందుగా కనిపించేది ఇదే.

16 రోజుల దాకా మ్యాపులు ఉన్నంత మాత్రాన 16 రోజుల వాతావరణం తెలిసిపోయినట్టు కాదు. ఆగమని చెప్పేవరకు కంప్యూటరు లెక్క వేస్తూనే ఉంటుంది. ఆ లెక్క ఏ రోజు నుంచి నమ్మదగ్గది కాకుండా పోయిందో మ్యాపు మీద ఎక్కడా రాసి ఉండదు. పదో రోజు మ్యాపు కూడా రెండో రోజు మ్యాపంత స్పష్టంగా, అన్నే గీతలతో వస్తుంది. కొత్తగా చూసేవాళ్లెవరైనా మోసపోయేది ఇక్కడే. కాబట్టి మీ ఆసక్తిని ఆ నవ్వులకు వదులుకోవద్దు.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే 1961 నాటి ఒక సంఘటన చెప్పాలి. ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రవేత్త తన కంప్యూటరులో ఒక చిన్న వాతావరణ మోడల్‌ను నడుపుతున్నారు. ఒక లెక్కను మధ్యలోంచి మళ్లీ నడిపి చూద్దామని, అంతకుముందు కాగితం మీద అచ్చయిన అంకెలనే యంత్రానికి ఇచ్చారు. యంత్రం లోపల ఉన్న అంకె 0.506127. కాగితం మీద ఉన్నది 0.506. కొంతసేపు రెండు లెక్కలూ కలిసే సాగాయి. తర్వాత మెల్లగా విడిపోయి, చివరికి ఒకదానికొకటి పోలికే లేకుండా పోయాయి. ఈనాటి మోడళ్లకు కూడా ఇదే పరిస్థితి. సముద్రాల మీద, ఎడారుల మీద, గాలి పైపొరల్లో ఈ క్షణాన ఏం జరుగుతోందో పూర్తిగా కొలవడం ఎవరివల్లా కాదు. మొదట్లో ఉన్న ఆ చిన్న తేడా రోజురోజుకూ పెరుగుతుంది. ఆరు గంటల తర్వాత కొత్త పరిశీలనలతో మళ్లీ మొదలుపెడితే పదో రోజున ఇంకో కథ వస్తుంది. మీ తుపాను వెళ్లిపోయింది అలాగే.

ఇక చార్టుల సంగతి. కొత్త సైట్ల కోసం వెతకడం ఇక ఆపేయండి. నాలుగైదు రకాల చార్టులు ఎంచుకుని, వాటినే రోజూ ఒకే వరుసలో చూడండి. ఆ వరుస ఇప్పుడు ఆకాశంలో ఉన్నదానితో మొదలై రేపటికి, ఎల్లుండికి వెళ్లాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు పదో రోజు మ్యాపు తెరిచి పెద్ద తుపాను ఏదైనా ఉందా అని చూస్తారు. ఉపగ్రహ చిత్రాన్ని అసలు తెరవనే తెరవరు.

ఏ చార్టు తెరిచినా రంగులకంటే ముందు దాని మీద, కింద ఉన్న అక్షరాలు చదవండి. వాటిలో రెండు సమయాలు ఉంటాయి. ఒకటి లెక్క మొదలైన సమయం, రెండోది ఆ మ్యాపు ఏ సమయానికి వర్తిస్తుందో ఆ సమయం. ఈ ఆసక్తి ఉన్నవాళ్లు ‘12జెడ్ రన్’ అంటుంటారు, అంటే యూటీసీ 12 గంటల పరిశీలనలతో మొదలైన లెక్క అని. యూటీసీకీ మీ గడియారానికీ తేడా ఎంతో గుర్తుంచుకోకపోతే వాన వచ్చే వేళను కొన్ని గంటలు తప్పుగా అనుకుంటారు. జీఎఫ్ఎస్ ఫలితాలు రన్ సమయానికి సుమారు మూడున్నర గంటల తర్వాత రావడం మొదలవుతుంది. యూరప్ దేశాల ఉమ్మడి కేంద్రం నడిపే యూరోపియన్ మోడల్‌కు ఆరేడు గంటలు పడుతుంది. ఒక్కోసారి సైటులో సగం మ్యాపులు కొత్త రన్‌వి, మిగతా సగం పాత రన్‌వి ఉంటాయి. ఆ సమయంలో ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ పోతే తుపాను హఠాత్తుగా పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. అక్షరాలు చదివితే ఆ కంగారు ఉండదు.

మొదటి మెట్టు ఉపగ్రహ చిత్రం. జపాన్ వారి హిమావరి, అమెరికా వారి గోస్ ఉపగ్రహాలు తమ వైపున్న అర్ధగోళాన్ని పది నిమిషాలకోసారి చిత్రీకరిస్తాయి. జూమ్ ఎర్త్ అనే సైటులో వీటిని సులువుగా చూడొచ్చు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వారి ‘స్లైడర్’ కాస్త నిపుణుల తరహాలో ఉంటుంది కానీ అలవాటైతే వదిలిపెట్టరు. రాత్రిపూట కూడా పనికొచ్చేది ఇన్‌ఫ్రారెడ్ చిత్రం. అందులో మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో కనిపిస్తుంది, ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తుకు ఎదిగిన మబ్బు. నీటి ఆవిరి చిత్రం మీద ప్రత్యేకంగా సమయం పెట్టమంటాను. మబ్బు లేనిచోట కూడా పైగాలి ఎటు ప్రవహిస్తోందో, పొడిగాలి నాలుకలా ఎక్కడ చొచ్చుకొస్తోందో అందులో తెలుస్తుంది. అయితే అది చూపేది మధ్య, పై పొరల తేమను మాత్రమే. నేలకు దగ్గరున్న తేమ అందులో కనిపించదు. దానికి విమానాశ్రయాలు గంటగంటకూ ఇచ్చే పరిశీలనల్లో డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత, చూడాలి.

ఉపగ్రహ చిత్రం చూశాక అదే సమయానికి మోడల్ ఏం చూపిస్తోందో పక్కన పెట్టి చూడండి. మోడల్ వానను ఎక్కడ పెట్టింది, నిజంగా మబ్బు ఎక్కడుంది? అల్పపీడన కేంద్రం మోడల్ చెప్పిన చోటే ఉందా? మొదటి 12 గంటల్లోనే మోడల్ పక్కకు తప్పుకుంటే, అదే రన్‌లోని ఐదో రోజు గురించి వాదించుకోవడం అనవసరం. ఇంత చిన్న పరీక్ష ఎవరైనా చేయొచ్చు, అయినా చేసేవాళ్లు తక్కువ.

రెండో మెట్టు పీడనం, గాలి చార్టులు. సముద్రమట్టం దగ్గరి పీడనాన్ని చూపే సమభార రేఖలు దగ్గరదగ్గరగా ఉంటే గాలి బలంగా ఉన్నట్టు. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది, దక్షిణార్ధగోళంలో దానికి వ్యతిరేకం. ఇది చాలామందికి తెలిసిందే. దాని పై పొరల దగ్గరికి వచ్చేసరికి కొత్తవాళ్లు ఆగిపోతారు. 850, 700, 500, 200 హెక్టోపాస్కల్ (గాలి పీడనానికి కొలమానం) అని అంకెలు ఉంటాయి, ఎత్తు కిలోమీటర్లలో ఉండదు. నిజానికి ఇవి మీరు వార్తల్లో ఎన్నోసార్లు విన్నవే. ‘సముద్రమట్టానికి 3.1 కిలోమీటర్ల ఎత్తులో ఉపరితల ఆవర్తనం కొనసాగుతోంది’ అని చదువుతారు కదా, ఆ 3.1 కిలోమీటర్లంటే 700 హెక్టోపాస్కల్ పొర. 1.5 కిలోమీటర్లంటే 850, 5.8 కిలోమీటర్లంటే 500. కాబట్టి వార్తలో ఆ వాక్యం వచ్చిన రోజునే ఆ పొర చార్టు తెరిచి, ఆ ఆవర్తనాన్ని మీ కళ్లతో వెతికి పట్టుకోండి. చార్టు చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఏ పొరలో ఏం చూడాలన్నది మీరు భూమి మీద ఎక్కడున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు ఎక్కువగా యూరప్, ఉత్తర అమెరికా వాళ్లు రాసుకున్నవి. అక్కడ చలిగాలికీ వేడిగాలికీ మధ్య సంఘర్షణ వల్ల వాతావరణం మారుతుంది. అందుకే వాళ్లు 500 హెక్టోపాస్కల్ ఎత్తుల చార్టుతో మొదలుపెడతారు, ఆ రెండు గాలులూ కలిసే సరిహద్దు రేఖల (ఫ్రంట్ల) గురించి మాట్లాడతారు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో పొరుగు ప్రాంతాల మధ్య ఉష్ణోగ్రత తేడా తక్కువ, పీడనం తేడా కూడా తక్కువే. సమభార రేఖలు రెండో మూడో వచ్చి ఊరుకుంటాయి, వాటిని చూసి వాన సంగతి తేల్చలేరు. అక్కడ ముందు చూడాల్సింది 850 పొరలో గాలి. అది ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ రెండు ప్రవాహాలు కలుస్తున్నాయి, ఎక్కడ సుడి తిరుగుతోంది అన్నది చూడాలి. దానికి జతగా గాలి స్తంభం మొత్తంలో ఉన్న నీటి ఆవిరిని మిల్లీమీటర్లలో చూపే చార్టు ఒకటి ఉంటుంది. వేడి ప్రాంతాల్లో అది 60కి దగ్గరపడితే గాలి నీటితో బరువెక్కినట్టే. ఆ తర్వాత 200 పొరకు వెళ్లి పైన గాలి ఎంత వేగంగా ఉందో చూడాలి. కింది గాలికీ పైగాలికీ మధ్య తేడా ఎక్కువైతే తుపాను నిలబడలేదు, తల ఒకవైపు మొండెం ఒకవైపు అయిపోతుంది. ఇక తుపాను ఎటు వెళ్తుందన్నది చాలావరకు మధ్య పొరల గాలి నిర్ణయిస్తుంది. ఏటి ప్రవాహంలో పడిన ఆకులా అది ఆ గాలితో పాటు వెళ్తుంది. అందుకే 700, 500 పొరల్లో పెద్ద అధిక పీడనం ఎక్కడుందో చూడాలి.

ఈ పొరల్ని కంటికి పరిచయం చేయడానికి ‘ఎర్త్ నల్‌స్కూల్’ అనే సైటు చాలా మంచిది. కామెరాన్ బెకారియో అనే ఆయన 2013లో దీన్ని తయారుచేశారు. భూగోళం మీద గాలి పారుతున్నట్టు కనిపిస్తుంది, పొర మార్చి చూడొచ్చు. మొదటి కొన్ని వారాలు అంచనాల జోలికి పోకుండా ఇందులో పొరలు మార్చుకుంటూ చూస్తూ ఉన్నా నష్టం లేదు. తర్వాత రోజువారీ వాడకానికి విండీ బాగుంటుంది. ఒక చోటు మీద నొక్కితే వేర్వేరు మోడళ్ల అంచనాలను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. తుపానుల మీద ఆసక్తి ఉంటే ట్రాపికల్ టిడ్‌బిట్స్ తప్పకుండా చూడాలి. అందులో ఒకే సమయానికి వరుస రన్లు ఏం చెప్పాయో వెనక్కి తిప్పుతూ చూసే వీలుంది. ఫ్రెంచివారి మెటియోసియెల్, జర్మన్ల వెటర్‌జెంట్రాలె సైట్లు చూడటానికి పాతకాలంగా ఉంటాయి కానీ సరుకున్నవి. వెటర్‌జెంట్రాలెలో ఎన్నో దశాబ్దాల కిందటి చార్టులు కూడా ఉంటాయి. మీకు బాగా గుర్తున్న పాత తుపాను ఏదైనా ఉంటే ఆ రోజుల చార్టులు తీసి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మీ ఉత్తరంలోని బాధకు మందు ఉంది. దాని పేరు ఎన్‌సెంబుల్. ఒక్క లెక్కకు బదులు, మొదటి పరిస్థితిని కొద్దికొద్దిగా మార్చి అదే లెక్కను పదులసార్లు నడుపుతారు. లోరెంజ్‌కు అనుకోకుండా జరిగినదాన్ని ఇక్కడ కావాలని చేస్తారన్నమాట. యూరప్, అమెరికా కేంద్రాలు రెండూ 1992 చివర్లో దీన్ని వాడుకలోకి తెచ్చాయి. ఇప్పుడు యూరోపియన్ కేంద్రం 51 లెక్కలు, అమెరికా కేంద్రం 31 లెక్కలు నడుపుతున్నాయి. మీకు కనిపించిన తుపాను ఒక్క లెక్కలోది. అదే రోజు ఎన్‌సెంబుల్ చార్టు తెరిచి ఉంటే, ఆ 31లో రెండు మూడు తప్ప మిగతా వాటిలో తుపాను లేదని బహుశా కనిపించి ఉండేది. అప్పుడు మీకు టెన్షన్ ఉండేది కాదు, గ్రూపులో పంపేవారూ కాదు.

ఎన్‌సెంబుల్ చార్టుల్లో మీరు మొదట నేర్చుకోవాల్సింది మీటియోగ్రామ్. యూరోపియన్ కేంద్రం, అంటే ఈసీఎండబ్ల్యూఎఫ్, తన సైటులో ఏ చోటికైనా దీన్ని ఉచితంగా చూపిస్తుంది. చోటు పేరు కొడితే వాన, గాలి, ఉష్ణోగ్రత, మబ్బు ఒక్కోదానికీ నిలువు పెట్టెలు వరుసగా వస్తాయి. పెద్ద పెట్టెలో మధ్యలో ఉన్న సగం లెక్కలు ఉంటాయి, దాని పైకీ కిందికీ సాగే సన్నని భాగాల్లో మిగతావి ఉంటాయి. పెట్టె పొట్టిగా ఉంటే లెక్కలన్నీ దాదాపు ఒకే మాట చెబుతున్నట్టు. పెట్టె పొడుగ్గా సాగిందంటే ఎవరికీ ఏమీ తేలలేదని అర్థం. రెండో రోజు నుంచి పదో రోజుకు వెళ్తూ ఆ పెట్టెలు ఎలా సాగిపోతాయో చూడండి. ఎంత దూరం నమ్మొచ్చో ఆ చార్టే మీకు చూపిస్తుంది. ఇది రోజురోజుకూ మారుతుంది. కొన్ని వారాల్లో ఏడో రోజు దాకా పెట్టెలు పొట్టిగానే ఉంటాయి. కొన్నిసార్లు మూడో రోజుకే విచ్చుకుంటాయి. ‘అంచనా ఇన్ని రోజులే పనికొస్తుంది’ అని ఒకే అంకె చెప్పే సలహాల కన్నా ఈ ఒక్క చార్టు ఎక్కువ చెబుతుంది.

మీటియోగ్రామ్ చూసేటప్పుడు పెట్టె మధ్యలోని గీత మీదే కళ్లు పెట్టకండి. వానల్లో మధ్య గీత సున్నా దగ్గర ఉండి, పై గీత మాత్రం చాలా ఎత్తుకు వెళ్లిన రోజులుంటాయి. అంటే ఎక్కువ లెక్కల్లో వాన లేదు, కొన్నింటిలో మాత్రం కుండపోత. అలాంటి రోజును ‘వాన లేదు’ అని కొట్టిపారేయకూడదు, ‘భారీ వర్షం’ అని చాటింపు వేయకూడదు. సగటు మ్యాపుతో కూడా జాగ్రత్త. 51 లెక్కల్లో తుపాను 51 చోట్ల ఉంటే, సగటు తీసినప్పుడు అన్నీ కలిసి పలచబడి బలహీనమైన అల్పపీడనంలా కనిపిస్తుంది. నిజంగా వచ్చేది అలా ఉండదు.

ఏ మోడల్‌ను నమ్మాలని అడిగారు. ఏడాది పొడవునా లెక్కగడితే యూరోపియన్ మోడల్ ముందుంటుంది, ఇందులో పెద్ద వివాదం లేదు. ఒక్కో సందర్భానికి వస్తే మాత్రం ఆ మాట చెల్లదు. 2012 అక్టోబరులో శాండీ హరికేన్ అమెరికా తూర్పు తీరం వైపు మళ్లుతుందని యూరోపియన్ మోడల్ వారం ముందే చూపిస్తే, జీఎఫ్ఎస్ చాలా రోజులు దాన్ని సముద్రంలోకి పంపుతూ వచ్చింది. అక్టోబరు 29న శాండీ న్యూజెర్సీ దగ్గర తీరం దాటింది. అప్పటి నుంచి ‘యూరో’కు పేరొచ్చింది. 2015 జనవరిలో న్యూయార్క్ నగరానికి రెండడుగుల మంచు కురుస్తుందన్న అంచనాకు పెద్ద ఆధారం ఆ యూరోపియన్ మోడలే. సెంట్రల్ పార్కులో పది అంగుళాలు కూడా పడలేదు. భారీ మంచు కాస్త తూర్పుకు జరిగి పడింది. ఈసారి జీఎఫ్ఎస్ చూపిన తక్కువ అంకెలే నిజానికి దగ్గరగా ఉన్నాయి. మీరు ఈ రెండింటితో పాటు జర్మనీ వారి ఐకాన్‌ను కూడా చూడండి. మూడూ ఒకే వైపు ఉంటే కొంత ధైర్యం చేయొచ్చు. విడిపోతే, ఎందుకు విడిపోయాయో వెతకడం ఈ సరదాలో అన్నిటికంటే రుచికరమైన భాగం. ఒకటి అధిక పీడనాన్ని బలంగా ఉంచి ఉంటుంది, ఇంకొకటి దాన్ని విరగ్గొట్టి ఉంటుంది. ఆ తేడా 500 పొరలో కనిపిస్తుంది.

ఈమధ్య ఏఐ మోడళ్లు కూడా వచ్చాయి. గూగుల్ డీప్‌మైండ్ వారి గ్రాఫ్‌కాస్ట్, హువావే వారి పాంగు రెండూ 2023లో ప్రచురితమయ్యాయి. యూరోపియన్ కేంద్రం సొంత ఏఐ మోడల్ ఏఐఎఫ్ఎస్ 2025 ఫిబ్రవరిలో రోజువారీ పనిలోకి వచ్చింది. తుపాను దారి చెప్పడంలో ఇవి గట్టివి. బలం చెప్పడంలో వెనకబడతాయి, తుపానును ఉన్నదానికంటే బలహీనంగా చూపే ధోరణి ఉంది. అదనపు అభిప్రాయంగా చూడండి.

మీకు ఇంకో అలవాటు కూడా ముందే మాన్పించాలి. వరుసగా మూడు నాలుగు రన్లలో తుపాను దారి కొద్దికొద్దిగా పడమరకు జరుగుతూ వస్తే, తర్వాతి రన్ ఇంకా పడమరకు జరుగుతుందని చాలామంది ఊహిస్తారు. 2003లో ప్రచురితమైన ఒక పరిశీలన ఇలాంటి ఊహలకు పెద్దగా బలం లేదని తేల్చింది. కొత్త రన్ వచ్చినప్పుడు దాన్ని దానిగా చూడాలి.

వాన మ్యాపుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎక్కువగా చూసేదీ, ఎక్కువగా పొరపడేదీ వాటినే. మ్యాపు మీద ఉన్న అంకె గత మూడు గంటల వానా, ఆరు గంటల వానా, లేక రన్ మొదలైనప్పటి నుంచి కూడిన మొత్తమా అన్నది చూడండి. పది రోజుల మొత్తం మ్యాపులో ఎక్కడ చూసినా ఎర్రగా, ఊదాగా ఉంటుంది. అది ఒక్క రోజు వాన అనుకుని భయపడేవాళ్లున్నారు. ఒక్కో సైటు ఒక్కో రంగుల పట్టీ వాడుతుంది కాబట్టి ఒకచోటి ఎరుపు ఇంకోచోట పసుపు కావచ్చు. ఇంకా ముఖ్యం, మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి చూస్తుంది. యూరోపియన్ మోడల్‌లో ఒక్కో గడి సుమారు 9 కిలోమీటర్లు, జీఎఫ్ఎస్, ఐకాన్‌లలో సుమారు 13 కిలోమీటర్లు. ఉరుముల మబ్బు ఒక్కటి సాధారణంగా ఆ గడి కన్నా చిన్నది, మోడల్‌కు విడిగా కనిపించదు. అది ఎంత వాన కురిపిస్తుందో మోడల్ ఒక సూత్రంతో ఉజ్జాయింపుగా వేసుకుంటుంది. తెర మీద రంగులు నునుపుగా కలిసిపోయి మీ వీధి దాకా వివరం ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ ఆ నునుపు సైటు గీసింది. గాలివాన మబ్బుల విషయంలో ‘ఈ ప్రాంతంలో మధ్యాహ్నం తర్వాత అక్కడక్కడా’ అన్నంత వరకే తీసుకోండి.

మబ్బును నేరుగా లెక్కగట్టగలిగే సన్నని గళ్ల మోడళ్లు కొన్ని దేశాల్లో ఉన్నాయి. ఫ్రాన్స్ వారి అరోమ్‌కు 1.3, జర్మనీ వారి ఐకాన్ డీ2కు 2.2, అమెరికా వారి హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్‌కు 3 కిలోమీటర్ల గడి. అవి ఆయా ప్రాంతాలకే పరిమితం. మీ దేశపు వాతావరణ శాఖ అలాంటిది నడుపుతుంటే దాని చార్టులు వాళ్ల సైటులోనే దొరుకుతాయి, వెతకండి. ఉరుముల రోజున మాత్రం ఏ మోడల్‌నైనా పక్కనపెట్టి రాడార్ చూడటమే మంచిది.

బెలూన్ పరిశీలనల చార్టు ఒకటుంది, స్క్యూ-టీ అంటారు. రోజుకు రెండుసార్లు ప్రపంచమంతటా పైకి వదిలే బెలూన్లు పంపిన ఉష్ణోగ్రత, తేమ, గాలి దాని మీద గీస్తారు. యూనివర్సిటీ ఆఫ్ వ్యోమింగ్ సైటులో ఏ స్టేషన్‌దైనా దొరుకుతుంది. ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది, కాబట్టి రెండో ఏడాదికి దాచుకోండి.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మోడల్ చార్టుల కన్నా మనుషులు గీసినవి, మనుషులు రాసినవి ఎక్కువ నేర్పుతాయి. బ్రిటన్ వాతావరణ సంస్థ విడుదల చేసే పీడన చార్టుల్లో సరిహద్దు రేఖలు అక్కడి నిపుణుల చేతి మీదుగా వచ్చినవి. అమెరికాలోని నేషనల్ హరికేన్ సెంటర్ తన పరిధిలోని ప్రతి తుపానుకూ ఆరు గంటలకోసారి ఒక చర్చా పత్రం విడుదల చేస్తుంది. అంచనా ఎందుకు అలా వేశారో, ఏ మోడల్‌ను ఎందుకు పక్కన పెట్టారో, దేని మీద నమ్మకం తక్కువగా ఉందో దాని మీద పనిచేసిన నిపుణులు సూటిగా రాస్తారు. ఒక తుపాను పుట్టినప్పటి నుంచి తగ్గేదాకా ఆ పత్రాలు చదువుతూ పక్కన చార్టులు తెరిచి పెట్టుకోండి. వాళ్లు ‘పొడిగాలి చొరబడింది’ అన్న రోజున నీటి ఆవిరి చిత్రం చూడండి. మీ దేశపు శాఖ బులెటిన్లనూ అలాగే చదవండి. మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. సమీకరణాలు రాకపోయినా, నిపుణులు చూసేది ఏమిటో పట్టుకుంటే చార్టు అర్థమవుతుంది. తర్వాత ఆసక్తి పెరిగితే భౌతికశాస్త్రం దానంతటదే చదవబుద్ధేస్తుంది.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఒకే చోటు ఎంచుకుని, మూడో రోజుకు వాన ఎంత, గాలి ఎటు నుంచి అన్నది మీ అంచనాగా రాసి, మూడు రోజుల తర్వాత నిజంగా ఏమైందో పక్కన రాయండి. యాప్ ఏం చెప్పిందో కూడా రాయండి. కొన్ని నెలలకు మీ ప్రాంతంలో ఏ మోడల్ వానను ఎక్కువ చూపిస్తుందో, ఏ గాలి వీచినప్పుడు అన్నీ తప్పుతాయో మీకు తెలుస్తుంది. కొండలు, తీరం ఉన్నచోట ఇది మరీ అవసరం. మోడల్‌లో కొండలు అసలు కొండలంత నిటారుగా ఉండవు, అందుకే గాలికి ఎదురుగా ఉన్న వాలు మీద వాన తరచూ అంచనాను దాటిపోతుంది. ఏ సైటూ మీకు ఇవ్వని సమాచారం ఇది.

గ్రూపులో పంపే విషయం. ఐదు రోజులు దాటిన ఏ తుపాను మ్యాపునూ పంపకండి. ఇది నా గట్టి అభిప్రాయం. మీరు పంపిన మ్యాపు చేతులు మారేకొద్దీ దాని మీదున్న తేదీ కత్తిరించుకుపోతుంది, ‘ఒక లెక్కలో’ అన్న మీ మాట ఊడిపోతుంది, భయం మాత్రం మిగులుతుంది. తర్వాత నిజమైన హెచ్చరిక వచ్చినప్పుడు ‘పోయినసారి కూడా ఇలాగే అన్నారు’ అని జనం కదలరు. ప్రాణాలకు సంబంధించిన ఈ విషయంలో హెచ్చరిక అనేది అధికార వాతావరణ శాఖ నుంచే వెళ్లాలి. వాళ్లు హెచ్చరిక ఇచ్చాక మాత్రం మీలాంటివాళ్ల అవసరం ఉంది. ఆ బులెటిన్‌ను మీవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఏ రాత్రి గాలి ఎక్కువ, ఎప్పటికి తగ్గొచ్చు, తుపాను కన్ను దాటేటప్పుడు గాలి ఆగితే బయటికి ఎందుకు రాకూడదు లాంటివి. అప్పుడు మీ మాట వింటారు.

ఇక డబ్బు సంగతి. ఇప్పుడే ఏదీ కట్టకండి. నోవా ఫలితాలు ఎలాగూ ఉచితమే. ఒకప్పుడు యూరోపియన్ చార్టులు చాలావరకు డబ్బు కట్టినవాళ్లకే దొరికేవి. 2020 అక్టోబరులో వాళ్లు వందలాది చార్టులను అందరికీ తెరిచారు, ఆ తర్వాత డేటాను కూడా క్రమంగా తెరుస్తూ వచ్చారు. నేను పైన చెప్పిన ఉపగ్రహ చిత్రాలు, పొరల చార్టులు, మీటియోగ్రామ్, తుపాను చర్చా పత్రాలు అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. డబ్బు తీసుకునే సైట్లు సాధారణంగా అదే మోడల్‌ను గంటగంటకూ విడగొట్టి, కాస్త ముందుగా, ప్రకటనలు లేకుండా చూపిస్తాయి. పడవ నడపడం, పారాగ్లైడింగ్ లాంటి పని ఉండి, గంట తేడా కూడా ముఖ్యమైనవాళ్లకు అది ఉపయోగం. మీరు ఒక ఏడాది ఉచిత చార్టులతో నోట్‌బుక్ నడిపాక, ఫలానా చార్టు ఫలానా సైటులోనే ఉంది, అది లేక నా పని ఆగుతోంది అని కచ్చితంగా చెప్పగలిగితే, ఆ ఒక్కదానికి కట్టండి.